దుప్పటి వెనక రెండు పెట్టెలు

ఆంప్లిఫయర్లు రెండూ ఒకేసారి ఇంట్లో అడుగుపెట్టాయి. ఒకటి వెండి రంగుది, ఒకటి నల్లది. ఇల్లాలి మోకాళ్ళకి ఆ రోజు నుంచే కష్టాలు మొదలయ్యాయి.

రెండు వారాలు ఇంట్లో పెట్టుకుని విని, నచ్చినది ఉంచుకుని రెండోది తిరిగిచ్చేయాలన్నది ఒప్పందం. స్టీరియో షాపాయన దీనికి ఒప్పుకున్నది మంచితనంతో కాదు. ఆమె భర్త వరసగా ఐదు ఆదివారాలు ఆ షాపులో కుర్చీ వేసుకుని కళ్ళు మూసుకుని కూర్చుంటే, లోపలికొచ్చిన వాళ్ళంతా ఎవరో పెద్దమనిషి స్పృహ తప్పాడనుకుని మంచినీళ్ళ కోసం వెతకడం మొదలెట్టారు. "సార్, ఇంట్లో ప్రశాంతంగా వినండి. రెండూ పట్టుకెళ్ళండి. నేనే మోసుకొచ్చి కార్లో పెడతాను," అన్నాడు షాపాయన. అన్నట్టే మోశాడు కూడా, పాపం.

"ఇంటిగ్రేటెడ్ అంటున్నారు, అంటే ఏమిటి?" అని ఇల్లాలు అడిగింది.

"రెండు పనులు ఒకే పెట్టెలో. పాట ఎక్కణ్ణుంచి రావాలో ఎంచి, ఎంత గట్టిగా కావాలో సర్దేది ఒకటి. దానికి బలం పోసి స్పీకర్ల దాకా మోసేది ఇంకోటి. డబ్బున్నవాళ్ళు వేరువేరుగా కొనుక్కుంటారు. మనకి ఒక్క పెట్టే రెండూ చేస్తుంది."

"అంటే నాలాంటిదన్నమాట. ఏం వండాలో ఆలోచించేదీ నేనే, వండేదీ నేనే."

"నువ్వు వేడెక్కినంత తొందరగా ఇవి వేడెక్కవు," అన్నాడాయన, పెట్టె మీద అరచెయ్యి ఆనించి.

ఆయన ఊరికి నీళ్ళు తోడే పంపుహౌసులో పెద్ద మెకానిక్కు. ఆయన పని వినడం. చేతి పొడవున్న ఉక్కు కడ్డీ ఒకటుంది, ఒక చివర కొయ్య గుండు. కడ్డీ మొనని పంపు ఇరుసు తిరిగే బేరింగు మీద ఆనించి, కొయ్య గుండుని చెవి పక్క ఎముకకి నొక్కిపట్టి, కళ్ళు మూసుకుంటాడు. లోపల ఉక్కు గోళీల్లో ఒకదానికి వెంట్రుకంత గీత పడినా, యంత్రం బద్దలవడానికి నెల ముందే చెప్పేసేవాడు. సన్నగా, దోమ రాగం తీసినట్టు ఉంటుందట ఆ చప్పుడు. ఇరవయ్యారేళ్ళుగా అదే పని. పంపుహౌసులో ఆయన అసలు పేరు జీతాల రిజిస్టరుకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ చెవిగారే.

చెవులకి పెట్టుకోమని ఆఫీసు వాళ్ళిచ్చిన డిప్పలు మేకుకి వేలాడుతూ బూజు పట్టాయి. "చెవులు మూసుకుంటే నా ఉద్యోగం ఎవరు చేస్తారు?" అనేవాడు. నాలుగేళ్ళ కిందట బేరింగుల వణుకు కొలిచే మీటరొకటి తెప్పించారు. దానికి 'డబ్బా' అని నామకరణం చేసి బీరువాలో పెట్టించింది కూడా ఈయనే.

ఇక సంగీతమంటే చెవి కోసుకునే మనిషి. పెళ్ళైన కొత్తలో మంచానికన్నా ముందు రికార్డు ప్లేయరు కొన్నాడు. దాని సంగతి ఆయన తల్లి, అంటే ఇల్లాలి అత్తగారు, ఇప్పటికీ ఎవరొచ్చినా చెబుతుంది. అలాంటి మనిషికి రెండేళ్ళుగా ఒక దిగులు పట్టుకుంది. పాటల్లో మెరుపు పోయిందట. మొదట ప్లేయరు సూది మార్చాడు. తర్వాత వైర్లు మార్చాడు. తర్వాత స్పీకర్లే మార్చాడు. మెరుపు రాలేదు. ఇక మిగిలిన దోషి పాత ఆంప్లిఫయరే కాబట్టి, పదహారేళ్ళు నోరెత్తకుండా పనిచేసిన దాన్ని మెట్ల కింద గదిలోకి తోసేశాడు.

ఆ సన్నివేశాన్ని ఇల్లాలు కొంచెం అనుమానంగానే చూసింది. తనదీ పదహారేళ్ళకి పైబడిన సర్వీసే.

*

కొత్త పెట్టెల పరీక్ష ఒక పద్ధతి ప్రకారం జరగాలన్నాడు. ఏ పెట్టె పాడుతోందో తెలిస్తే మనసు మోసం చేస్తుంది కాబట్టి తెలియకూడదు. హాల్లో పుస్తకాల అలమరకీ కిటికీ గడియకీ తాడు కట్టి పాత దుప్పటి వేలాడదీశారు. దుప్పటి వెనక రెండు పెట్టెలు, ఇల్లాలు. దుప్పటి ముందు కుర్చీ, చెవిగారు. రెండింటి చప్పుడూ సమానంగా ఉండాలని మీటలు కొలత చూసి తిప్పి, ఆ చోట ఆమె గోళ్ళరంగుతో చుక్కలు పెట్టాడు. చెప్పకుండా తీసుకున్నాడు. అదీ పెళ్ళికి వెళ్ళడానికి కొన్న ఎర్రరంగు.

"ఆపు. పది లెక్కపెట్టు. స్పీకరు వైర్లు రెండో పెట్టెకి మార్చు. ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి. పాట వెయ్యి. నోరు విప్పకు."

"నోరు విప్పితే వైర్లకి ఏమవుతుంది?"

"వైర్లకేం కాదు. నీ గొంతు విని ఏ పెట్టో కనిపెట్టేస్తాను."

రోజూ సాయంత్రం టీ తాగాక ఒకే పాట, ఆరుసార్లు. ఆయన కళ్ళు మూసుకుని మార్కులు చెబుతాడు. లోతుకి ఇన్ని, స్పష్టతకి ఇన్ని, మెరుపుకి ఇన్ని. ఆవిడ దుప్పటి వెనక మోకాళ్ళ మీద కూర్చుని, అది ఏ పెట్టో నోటుబుక్కులో రాసి దాని ఎదురుగా మార్కులు వెయ్యాలి. డిగ్రీలో ఆమె చదివింది భౌతికశాస్త్రం. ఇన్నేళ్ళలో అది ఫ్యూజు వెయ్యడానికి ఒక్కసారి పనికొచ్చింది. ఇప్పుడు రెండోసారి.

అత్తగారు సోఫా మూల కూర్చుని ఇదంతా చూస్తూ ఉండేది. ఆవిడ రెండు చెవులకీ మిషన్లు. కాస్త జారితే చాలు, కుయ్యిమని ఈల వేస్తాయి. ఈల ఆవిడకి తప్ప ఇంట్లో అందరికీ వినిపిస్తుంది.

నాలుగోరోజు సాయంత్రం ఇల్లాలి మోకాళ్ళు సమ్మె చేశాయి. మూడోసారి వైర్లు మార్చాల్సి వచ్చినప్పుడు ఆవిడ పెట్టె ఆపింది, పది లెక్కపెట్టింది, వైర్లని ముట్టుకోకుండా అదే పెట్టె మళ్ళీ వేసింది.

"ఆఁ! విన్నావా తేడా?" అన్నాడు దుప్పటి అవతల నుంచి. "ఇందాకటిది గొంతు నొక్కినట్టుంది. ఇది గాలి పీల్చుకుంటోంది. మెరుపుకి ఎనిమిది రాసుకో."

ఇందాక అదే పెట్టెకి ఐదు వేశాడు. ఆవిడ పెదాలు బిగబట్టుకుని ఎనిమిది రాసింది.

ఆ తర్వాత మూడురోజులు ఆవిడ వైర్లు మార్చలేదు. స్విచ్చి నొక్కడం, పది లెక్కపెట్టడం, మళ్ళీ నొక్కడం. కింద మెత్త వేసుకుని హాయిగా చేరగిలబడి కూర్చునేది. నల్లపెట్టె ఒక్కటే పాడేది. ఆయన దానికి ఒకసారి నాలుగూ, ఒకసారి తొమ్మిదీ వేస్తూ, తేడాలు వర్ణిస్తూ ఉంటే, ఇన్నేళ్ళ సంసారంలో ఇంత చవకైన వినోదం ఎప్పుడూ దొరకలేదనిపించింది. రెండు వారాలూ అయ్యాక చెప్పి ఏడిపించాలని దాచుకుంది.

"నోట్లో ఏం పెట్టుకున్నావే, ఆ నవ్వేమిటి?" అని అత్తగారు అడిగింది.

"ఏం లేదత్తయ్యా. మీ అబ్బాయి చెవిలో పూలు పెడుతున్నాను."

అత్తగారు నవ్వలేదు. మిషను సర్దుకుని కిటికీ వైపు తిరిగింది. వినపడలేదేమోననుకుంది ఇల్లాలు.

*

గురువారం పొద్దున ఆవిడ తలుపు పిడులకీ పూలకూజాకీ ఇత్తడి పాలిష్ పట్టింది. చేతిలో గుడ్డ ఉంటే ఆవిడ చూపు ఒకచోట నిలవదు. స్పీకర్ల వెనక దుమ్ము తుడుస్తుంటే, వైర్లు తగిలించే మరల దగ్గర నల్లబడిన చిన్న రేకులు కనిపించాయి. ఒక్కో స్పీకరుకి రెండు. పై మరకీ కింది మరకీ మధ్య వంతెనల్లా ఉన్నాయి. గోటితో గీకి చూస్తే ఇత్తడే. మరలు వదులు చేసి నాలుగూ తీసి, పాలిష్ పట్టి, వంటింటి కిటికీలో వరసగా ఆరబెట్టింది. ఆరబెట్టి మరిచిపోయింది.

సాయంత్రం పాట మొదలవగానే ఏదో తేడాగా తోచింది. గాయని పక్కగదిలో తలుపేసుకుని పాడుతున్నట్టుంది. పాట మొదట్లో గలగలమనే చిరుతాళాలు అసలే లేవు. దుప్పటి తను కూర్చున్నచోట కాక పాట మీద కప్పినట్టుంది. వైరేదో తప్పు పెట్టానేమోనని వెతికింది. అన్నీ సరిగానే ఉన్నాయి. అప్పుడు వంటింటి గుమ్మంలోంచి, కిటికీలో పొద్దు పడి మెరుస్తున్న నాలుగు రేకులు కనిపించాయి.

కింది మర లావు శబ్దాలకి, పై మర సన్న శబ్దాలకి. వైరు కింద ఉంది. వంతెన తీసేస్తే సన్న శబ్దాలు పాడే చిన్న స్పీకరుకి ఏమీ అందదు. మెరుపంతా కిటికీలో ఆరుతోంది.

అబ్బ, ఇప్పుడు దొరికిపోయాను, అనుకుంది. దుప్పటి తొలగించి చెప్పేద్దామని లేచింది కూడా.

"కదలకు," అన్నాడు ఆయన కళ్ళు మూసుకునే. "ఇదిగో. ఇదే. ఇన్నాళ్ళకి సరైన పెట్టె పాడుతోంది. ఏ గోలా లేదు, మెత్తగా ఉంది. మెరుపు కూడా తిరిగొచ్చింది. తొమ్మిది వెయ్యి."

ఆవిడ చేతిలో పెన్ను అలాగే ఉండిపోయింది.

ఈసారి నవ్వు రాలేదు. మార్కులు మారడం వేరు. తేడా లేనిచోట తేడా ఊహించుకోవడం ఎవరైనా చేస్తారు, తనూ బట్టల షాపులో చేస్తుంది. ఇది అది కాదు. పాటలో సగం లేదు. లేని సగం ఆయనకి తెలియలేదు.

ఒక్కొక్కటీ అప్పుడు గుర్తుకు రాసాగాయి. వంటింట్లో ఓవెను కీచుకీచుమని మొత్తుకుంటుంటే పక్కనే నిలబడి పేపరు చదువుకున్న రోజు. "టైమరు మోగుతోంది, వినపడట్లేదా?" అంటే "ఏదీ?" అన్నాడు. భార్య చెప్పేదీ వంటింట్లో మోగేదీ వినపడకపోవడం మగవాళ్ళకి పుట్టుకతో అబ్బే విద్య కదా అని వదిలేసింది. ఫోనులో చిన్నపిల్లలు మాట్లాడితే "లైను బాలేదు" అని ఆవిడకిచ్చేసేవాడు. సూది, వైర్లు, స్పీకర్లు, పాత ఆంప్లిఫయరు అన్నీ శిక్ష అనుభవించాయి. ఒక్కరిని మాత్రం ఎవరూ అనుమానించలేదు.

"రాశావా?" అన్నాడు.

"రాశాను," అంది. రాయలేదు.

*

శుక్రవారం ఆయన హుషారుగా ఇంటికొచ్చాడు. పంపుహౌసులో మూడో నంబరు పంపు విప్పి బాగుచేస్తున్నారని, నెలరోజులుగా ఆ మాటే. ఆ రోజు బిగించి పదినిమిషాలు తిప్పి చూశారట.

"పాలలా తిరుగుతోంది," అన్నాడు బూట్లు విప్పుతూ. "విన్నాను, సంతకం పెట్టాను. సోమవారం నుంచి రాత్రీపగలూ నడపొచ్చు. గ్రీజు బాబాయిని దాని పక్కనే కూర్చోబెడతాం."

గ్రీజు బాబాయి పంపులకి గ్రీజు పెట్టే ముసలాయన. రిటైరవడానికి ఏడాది ఉంది. పనంతా అయ్యాక పంపు పక్కన స్టూలు వేసుకుని కునుకు తీస్తాడు. ఆ చప్పుడు లేనిచోట నిద్ర రాదంటాడు. చెవిగారు చేరకముందెప్పుడో ఒక పాత పంపు బేరింగు పగిలి, మూత ముక్క ఎగిరి ఎదురుగోడలో దిగబడిన సంగతి ఆయనే కథలా చెప్పేవాడు. ఆ రోజు స్టూలు ఖాళీగా ఉంది కాబట్టి అది కథ అయింది.

"సరిగ్గా విన్నారా?" అంది ఇల్లాలు.

ఆయన బూటు లేసు పట్టుకునే తలెత్తాడు. "ఎవరిని అడుగుతున్నావు?"

"ఊరికే. ఆ డబ్బాతో కూడా ఒకసారి చూస్తే..."

"ఇరవయ్యారేళ్ళు! ఇరవయ్యారేళ్ళలో నేను బాగుందన్న పంపు ఒక్కటైనా ఆగిందా? ఇంజనీర్లు నోరెత్తరు, నువ్వు డబ్బా అంటావా?" అని లోపలికి వెళ్ళిపోయాడు.

శనివారం ఆయన జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్ళాక, ఇల్లాలు అత్తగారి పక్కన కూలబడి అంతా చెప్పింది. రేకులు, తొమ్మిది మార్కులు, మూడో నంబరు పంపు. తన దొంగాటతో సహా.

అత్తగారు చెవి మిషను మూతని రెండుసార్లు తిప్పింది.

"నాకు తెలుసు," అంది.

"తెలుసా! ఎప్పటి నుంచి?"

"నా మిషను ఈల వేస్తే వాడు తిట్టేవాడు గుర్తుందా? 'అమ్మా, నీ చెవిలో రైలొచ్చింది, దిగు' అని. ఈల నాకెలాగూ వినపడదు, వాడు తిడితేనే సర్దుకునేదాన్ని. రెండేళ్ళ నుంచి వాడు తిట్టడం మానేశాడు. నువ్వే సైగ చేస్తున్నావు."

"మరి ఎందుకు చెప్పలేదు అత్తయ్యా?"

"నాకెవరైనా చెప్పారుటే?" అత్తగారి గొంతు కాస్త పదునెక్కింది. "నాకు చెవులు పోయిన కొత్తలో మీ మామగారు నాతో గట్టిగా మాట్లాడటం మొదలెట్టారు. ఎందుకని చెప్పలేదు. బాధపడతానని కాబోలు. ఆయనకి నా మీద విసుగెక్కువైంది, ప్రతిమాటకీ అరుస్తున్నారు అనుకున్నాను నేను. ఆరేళ్ళు ఆయనతో ముభావంగా ఉన్నాను. ఆయన పోయాక డాక్టరు చెబితే తెలిసింది, అరిచింది కోపంతో కాదని. అప్పుడు తెలిసి ఎవరికి చెప్పుకోను?"

ఇల్లాలు ఆవిడ ఒళ్ళోకి జారిన మిషను మూత తీసి చేతికిచ్చింది.

"వాడికి చెవి అంటే ఉద్యోగమే కాదు, వాడి పేరే అది," అంది అత్తగారు. "చెబితే వాడేమైపోతాడో నాకు తెలీదు. చెప్పకపోతే ఆ ముసలాడు ఏమవుతాడో నీకు తెలీదు. ఇద్దరిలో ఎవరో ఒకళ్ళం నోరు విప్పాలి. నేను పిరికిదాన్ని, అమ్మాయ్."

*

ఆదివారం పొద్దున ఆయన దుప్పటి ముందు కుర్చీలో కూర్చుని, ఆఖరి పరీక్షకి సిద్ధంగా ఉన్నాడు. ఇల్లాలు దుప్పటి వెనక్కి వెళ్ళలేదు. ఆయన ముందుకొచ్చి, అరచేతిలో నాలుగు ఇత్తడి రేకులు పెట్టింది. తళతళలాడుతున్నాయి.

"ఏంటివి?"

"స్పీకర్ల వెనకవి. పాలిష్ పడదామని తీశాను."

"ఎప్పుడు? ఇప్పుడా?"

"గురువారం పొద్దున. అప్పటి నుంచీ వంటింటి కిటికీలోనే ఉన్నాయి."

మెకానిక్కుకి విడమరిచి చెప్పక్కర్లేదు. ఆయన రేకుల్ని చూశాడు, స్పీకర్లని చూశాడు, మళ్ళీ రేకుల్ని చూశాడు. గురువారం సాయంత్రం, తొమ్మిది మార్కులు, శుక్రవారం మధ్యాహ్నం, సంతకం. ఆయన ముఖంలో ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి నడవడం ఆవిడ కళ్ళారా చూసింది. చూడకుండా ఉంటే బాగుండునని కూడా అనిపించింది.

"అబద్ధం," అన్నాడు.

"ఇంకోటి కూడా ఉంది," అంది ఆవిడ. "దాని ముందు మూడు నాలుగు రోజులు నేను వైర్లు మార్చలేదు. మోకాళ్ళు నొప్పెట్టి. తర్వాత సరదాకి. నల్లపెట్టె ఒక్కటే పాడింది."

ఆయన లేచాడు. కుర్చీ వెనక్కి పడింది.

"ఆడుకున్నావా నాతో? దుప్పటి వెనక కూర్చుని నవ్వుకున్నావా? నేను కళ్ళు మూసుకుని నిన్ను నమ్మి కూర్చుంటే..."

"నవ్వుకున్నాను. తప్పే. కానీ గురువారం నవ్వలేదు."

"రేకుల సంగతీ అలాంటిదే! నువ్వు పెట్టిన బుక్కులో ఏది నిజమో ఎవరికి తెలుసు?"

అదీ నిజమే. సరదాగా వేసిన దొంగ మార్కులు ఇప్పుడు ఆమె నోటికి అడ్డుపడ్డాయి. ఇక తను ఏం చెప్పినా ఆయన నమ్మక్కర్లేదు. ఆ దారి మూసుకుంది తనే.

అప్పుడు అత్తగారు సోఫాలోంచి, "ఒరేయ్, ఇలా రా," అంది.

కుడిచెవి మిషను తీసి అరచేతిలో పెట్టుకుంది. రెండు చేతులూ దొప్పలా చేసి దాన్ని మూసింది. అలా మూస్తే అది ఈల వెయ్యకుండా ఊరుకోదు. ఇల్లాలు చటుక్కున చెవి మీద చెయ్యి పెట్టుకుంది. ఎదురింటి బాల్కనీలో బట్టలారేస్తున్న ఆవిడ ఇటు తిరిగి చూసింది.

ఆయన తల్లి చేతుల దగ్గరికి వంగాడు. కడ్డీ లేకుండానే, పంపు దగ్గర వంగినట్టు వంగాడు. కళ్ళు మూసుకున్నాడు.

"మోగుతోందా?" అన్నాడు.

అత్తగారు దొప్పని ఇంకాస్త బిగించింది.

"అమ్మా, మోగుతోందా?"

"నాకేం తెలుస్తుందిరా, ఆ ఈల నాకెప్పుడూ వినపడదు కదా. మీ ఆవిడ మొహం చూడు."

ఆయన చూశాడు. ఆవిడ చెవి మీద నుంచి చెయ్యి తియ్యబోయింది, తియ్యలేకపోయింది.

"ఎప్పటి నుంచి?" అన్నాడు.

"రెండేళ్ళ నుంచి నువ్వు నన్ను తిట్టలేదు నాయనా," అంది అత్తగారు.

ఆయన పడిపోయిన కుర్చీ ఎత్తి నిలబెట్టాడు. కూర్చోలేదు. అలమర దగ్గరికి వెళ్ళి అక్కడి రికార్డుల అట్టల్ని సర్దాడు, సర్ది ఉన్నవాటినే. ఇల్లాలు వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టి, పెట్టిన టీ పొంగించి, మళ్ళీ పెట్టింది. తిరిగొచ్చేసరికి ఆయన ఫోను పట్టుకుని గోడవైపు తిరిగి ఉన్నాడు.

"అవును, నేనే. రేపు మూడో నంబరు స్టార్టు చెయ్యొద్దు... లేదు, పంపు ఏమైందో నాకు తెలీదు... విన్నాను. విన్నానండీ, అందుకే చెబుతున్నాను. నా సంతకం కొట్టెయ్యండి. బీరువాలో డబ్బా ఉంది, దాని చార్జరు కింది అరలో ఉంది. దాంతో చూడండి." కొంచెం ఆగాడు. "బాబాయి స్టూలు దాని పక్క నుంచి తీయించండి ముందు."

ఆ రోజంతా ఆయన ఆవిడతో మాట్లాడలేదు. భోజనానికి పిలిస్తే వచ్చాడు. వడ్డిస్తే తిన్నాడు. ఉప్పు తక్కువైనా అడగలేదు. అది ఆవిడకి అరుపులకన్నా కష్టంగా తోచింది.

*

సోమవారం సాయంత్రం ఆయన తొందరగా వచ్చేశాడు. చేతిలో కడ్డీ ఉంది. ఇన్నేళ్ళలో అది పంపుహౌసు గుమ్మం దాటడం ఇదే మొదలు. గొడుగుల పక్కన మూలకి ఆనించాడు.

"బయటివైపు బేరింగు పోయిందట," అన్నాడు ఎవరికీ కాకుండా. "కొత్తదే. బిగించేటప్పుడే దెబ్బ తిన్నట్టుంది. డబ్బా పెట్టగానే ముల్లు చివరికి కొట్టింది. పక్కనున్న కుర్రమెకానిక్కులు ఇద్దరికీ కడ్డీ ఇచ్చాను. ఇద్దరికీ వినపడింది. దోమలా ఉందన్నారు."

అత్తగారు చెవి మిషను సర్దుకుని ముందుకు వంగింది. ఇల్లాలు అక్కడే నిలబడింది.

"గురువారం డాక్టరు దగ్గరికి రమ్మన్నారు. ఏం పనిలో పెడతారో ఆ తర్వాత చెబుతారట. స్టోర్సులో కావచ్చు." బూట్ల లేసులు విప్పుతూ ఆగాడు. "చెవిగారూ అని పిలిచాడు బాబాయి, వచ్చేటప్పుడు. పిలిచి నాలిక కరుచుకున్నాడు."

ఇల్లాలు వెళ్ళి దుప్పటి విప్పి మడత పెట్టింది. నాలుగు రేకులూ ఆయనే స్పీకర్ల వెనక బిగించేశాడు, ఎప్పుడు చేశాడో తెలియదు. నోటుబుక్కు మాత్రం కనిపించలేదు. చెత్తబుట్టలోనూ లేదు.

"రేపు ఒక పెట్టె తిరిగిచ్చెయ్యాలి," అన్నాడు ఆయన హాల్లోకొచ్చి. నిన్న పొద్దుటి తర్వాత ఆవిడ వైపు చూసి అన్న మొదటి మాట. "ఏది ఉంచుదాం?"

"మీ ఇష్టం."

"నా ఇష్టం సంగతి తేలిపోయిందిగా. నువ్వు చెప్పు. నిజం చెప్పు."

ఆవిడ ఆలోచించింది. "నాకు రెండూ ఒకేలా వినిపిస్తాయండీ. మొదటి రోజు నుంచీ. భయపడి చెప్పలేదు."

ఆయన ముక్కులోంచి గాలి వదిలాడు. నవ్వో, ఇంకేమైనానో.

వెండిపెట్టెకి ముందు ఒకే ఒక మీట. అసలైన పెట్టెకి అంతకుమించి ఉండకూడదనేవాడు ఆయన. నల్లపెట్టెకి ఇంకో రెండు చిన్న మీటలున్నాయి. ఒకటి లావు శబ్దాలు పెంచడానికి, ఒకటి సన్న శబ్దాలు పెంచడానికి. "చేతకానివాళ్ళ కోసం పెడతారివి," అని షాపులోనే చెప్పాడు. వినేవాడు పాటని దిద్దకూడదన్నది ఆయన సిద్ధాంతం. రెండు వారాల్లో ఒక్కసారి కూడా వాటిని ముట్టుకోలేదు.

ఇప్పుడు నల్లపెట్టె ముందు ఆయనే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అదే పాట వేశాడు. సన్న శబ్దాల మీటని కొంచెం తిప్పి, తల పక్కకి వంచి విన్నాడు. ఇంకొంచెం తిప్పాడు. ఇంకొంచెం. మీట చివరికి వెళ్ళి ఆగింది.

చిరుతాళాలు పళ్ళేల మీద మేకులు గుమ్మరించినట్టు మోగాయి. గాయని 'స' అన్న ప్రతిసారీ గది మూలమూలలకీ సూదులు విసిరినట్టుంది. అత్తగారు కాసేపు ఓపిక పట్టింది. తర్వాత రెండు మిషన్లూ తీసి, డబ్బీలో పెట్టి, మూత వేసి, ఒళ్ళో పెట్టుకుని ప్రశాంతంగా కూర్చుంది.

"ఎక్కువైందా?" అన్నాడు ఆయన వెనక్కి తిరిగి. "ఇదివరకు ఇలాగే ఉండేది అనిపిస్తోంది నాకు. ఉత్తినే అనిపిస్తోందేమో. నిజం చెప్పు."

"ఎక్కువే," అంది ఇల్లాలు. "ఉండనివ్వండి."

తీసి డబ్బీలో పెట్టుకోవడానికి ఆవిడకి మిషన్లు లేవు. ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. అందులో కూర్చుని, పాట అయిపోయేదాకా వింది.